దూదక్క సుత్తి, బావ సుద్దముక్క

పడవల షెడ్డులో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. హాజరు పుస్తకంలో ఆ పేరు ఉంది గానీ, ఎవరైనా అలా పిలిస్తే ఆమె కూడా ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని తన పని తను చేసుకుంటుంది. అందరికీ ఆమె దూదక్క.

చెక్క పడవకి పలకా పలకా కలిసే చోట సన్నటి సందు ఉంటుంది. దూదిని తాడులా పేని, ఆ సందులో పెట్టి, మొండి ఉలి ఆనించి, కొయ్య సుత్తితో లోపలికి దట్టించాలి. దాని మీద లప్పం, లప్పం మీద రంగు. గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు రంగు బాగుందంటారు. లోపల దూది ఉందని ఎవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పడవ మునగకపోతే అది ఉన్నట్టే లెక్క. ముప్ఫై నాలుగేళ్ళుగా దూదక్క చేస్తున్నది ఆ పనే.

నేర్పింది మామగారు. నిజానికి ఆయన కొడుక్కి నేర్పుదామనుకున్నాడు. ఆ కొడుకు, అంటే దూదక్క మొగుడు, సుత్తి పట్టుకున్న మొదటి వారంలోనే రెండు వేళ్ళు చితక్కొట్టుకుని, మూడో వారంలో కుట్టు మిషను ముందు కూర్చున్నాడు. అక్కడే స్థిరపడిపోయాడు. అప్పుడు ఆమెకి పంతొమ్మిదేళ్ళు. ఐదో క్లాసుతో చదువాగిపోయింది, వంటిల్లు తప్ప లోకం తెలీదు. ఒకరోజు మామగారికి క్యారియరు పట్టుకొచ్చి, ఆయన పని ఆపేదాకా పక్కన నిలబడింది. ఆయన ఒక చోట సుత్తితో నాలుగు దెబ్బలు వేసి పక్కకి జరిగాడు.

“మామయ్యా, అక్కడ ఇంకా దిగలేదు” అంది.

నోరు జారిందని భయపడింది కూడా. ఆయన కోపిష్టి. కళ్ళజోడు పైకి తోసుకుని కోడల్ని ఎగాదిగా చూశాడు. తిరిగొచ్చి, అదే చోట ఇంకో దెబ్బ వేశాడు. దూది ఇంకో గోరంత లోపలికి పోయింది.

“నీకెలా తెలిసింది?”

“మిగతా చోట్ల ఖణ్ మంది. ఇక్కడ అనలేదు.”

మర్నాటి నుంచి క్యారియరు కొడుకు మోశాడు, సుత్తి కోడలు మోసింది. సగం దిగిన దూది మీద సుత్తి తలుపు తట్టినట్టు డబ్ డబ్ మంటుంది. పూర్తిగా దిగాక ఖణ్ మంటుంది. అక్కడ ఆపాలి. తక్కువైతే నీళ్ళొస్తాయి. ఎక్కువైతే ఇంకా కష్టం, పలక నీళ్ళలో ఉబ్బినప్పుడు చోటు లేక లోపలి మేకుల్ని తెంపేస్తుంది. “ఇది చేత్తో చేసే పని కాదమ్మా, చెవితో చేసేది” అనేవాడాయన. పోయే ముందు తన సుత్తి ఆమెకే ఇచ్చాడు. నల్లటి గట్టి కొయ్య, రెండు తలల చుట్టూ ఇనప కట్లు, పిడి మీద ఆయన బొటనవేలు పడి పడి ఏర్పడిన గుంట. ఆ గుంటలో ఇప్పుడు ఆమె వేలు సరిగ్గా పడుతుంది. కూతుళ్ళు అడిగినా ఆ సుత్తి ముట్టుకోనివ్వదు.

ఆ చెవులే ఇప్పుడు పోతున్నాయి.

పదేళ్ళ కిందట పక్క షెడ్డులో ఫైబరు పడవలు మొదలయ్యాయి. పొద్దస్తమానం గ్రైండర్ల రొద. ముందు ఇంట్లో కుక్కరు విజిలు వినపడటం మానేసింది. కుక్కరు పాడైందని కొత్తది కొనిపించింది. కొత్తదీ కూయలేదు. అప్పుడు అర్థమైంది. మనుషుల మాట దగ్గరగా, ఎదురుగా ఉంటే తెలుస్తుంది. బరువైన చప్పుళ్ళు తెలుస్తాయి. సన్నవి తెలీవు. డబ్ డబ్ వినపడుతుంది. ఖణ్ వినపడదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పే వీల్లేదు. కిందటేడు పడవని మోసే ట్రాలీ లాగేటప్పుడు పక్కకి జరగమని అరిస్తే వినపడక, ఒక పెద్దాయన కాలు చక్రం కింద పెట్టేశాడు. ప్రాణం మిగిలింది, పాదం నలిగింది. ఆ రోజు షెడ్డు యజమాని అందర్నీ నిలబెట్టి చెప్పాడు, “చెవులు సరిగ్గా లేనివాళ్ళు ఇక ఈ షెడ్డులో అడుగు పెట్టడానికి లేదు.” అతను చిన్నవాడు, తండ్రి తర్వాత వచ్చాడు. మంచివాడే. తప్పు మాట కూడా కాదు. దూదక్క అందరితో పాటు తల ఊపింది.

ఇంట్లో టైలరుకి మాత్రం తెలుసు. ఒకే మంచం మీద ముప్ఫై ఏళ్ళు పడుకున్నవాడికి ఏం దాస్తాం.

“టీవీ తగ్గించవే. సీరియలు మనింట్లో వస్తుంటే పక్కింట్లో ఏడుస్తున్నారు.”

“ఏడవనీ. ఊరికే వస్తోందిగా.”

“డాక్టరుకి చూపించుకో అంటే వినవు.”

“చూపిస్తే కాగితం రాస్తాడు. కాగితం రాస్తే షెడ్డు బాబు చూస్తాడు. బాబు చూస్తే నేనిక్కడ కూర్చుని నీకు కాజాలు కుట్టిపెట్టాలి.”

“కాజాలు కుడితే తప్పేంటి?”

తప్పేం లేదు. కానీ ఆమె కాజాల మనిషి కాదు.

ఇలాంటి సమయంలో టీచరమ్మ పడవ వచ్చింది.

ముప్ఫై అడుగుల పాత మోటారు పడవ. ముందు భాగం కత్తిలా, వెనక కొంచెం గుండ్రంగా, మధ్యలో ఇంజను పెట్టె మీద ఇత్తడి చట్రంతో చిన్న అద్దం. ఒకప్పుడు సరస్సు అవతలి ఊళ్ళ పిల్లల్ని బడికి తెచ్చేది. దాన్ని నడిపిన సరంగు కూతురే టీచరమ్మ. రోజూ తండ్రి పక్కన కూర్చుని అందులోనే బడికి వెళ్ళి, చివరికి అదే బళ్ళో టీచరైంది. వంతెన వచ్చాక పడవని తుక్కు కింద అమ్మేస్తుంటే కొనుక్కుని, ఇంటి వెనక రేకుల పాకలో పెట్టుకుంది. ఏడేళ్ళు ఎండిపోయింది. పలకలు కుంచించుకుపోయి, పాకలో వెలుతురు పడవలోంచి ఇటు నుంచి అటు కనపడేది.

షెడ్డు యజమాని చుట్టూ తిరిగి చూసి, “పైన మొత్తం ఫైబరు వేసేద్దామండీ. చుక్క నీరు రాదు” అన్నాడు.

“అప్పుడది ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన మా నాన్న పడవ అవుతుంది. నాకు మా నాన్న పడవ కావాలి” అంది టీచరమ్మ.

అతను దూదక్క వైపు తిరిగాడు. “చెయ్యగలవా అక్కా? ఇంత పెద్ద చెక్క పని వచ్చి నాలుగేళ్ళయింది.”

ఆలోచించుకునే లోపే నోరు చెప్పేసింది. “చేస్తాను బాబూ.”

ఇంటికొచ్చాక లెక్క వేసుకుంది. ఖణ్ వినపడకుండా ముప్ఫై అడుగుల పడవ, అటు ఎనిమిది సందులు, ఇటు ఎనిమిది సందులు.

వడ్రంగి వచ్చి పుచ్చిపోయిన మూడు పలకలు మార్చి, ఇత్తడి మరలు బిగించి వెళ్ళాడు. ఇంజను బజారుకెళ్ళి, మొత్తం విప్పించుకుని, కొత్త పెళ్ళికొడుకులా తిరిగొచ్చింది. మిగిలింది దూదక్క దూదీ, బావ రంగూ.

బావ అంటే షెడ్డులో రంగులేసే మనిషి. దూదక్క మేనమామ కొడుకు, ఆమె కన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. ఈ షెడ్డులో మామగారి దగ్గర ముందు చేరింది అతనే. దూదక్కకి ఈ పెళ్ళి సంబంధం తెచ్చింది కూడా అతనే. ఆ ఒక్క నేరానికి ఆమె అతన్ని ముప్ఫై నాలుగేళ్ళుగా దులుపుతోంది. అతనూ తక్కువ తినలేదు.

“ఏమే మరదలా, సుత్తి పట్టుకుని కునుకు తీస్తున్నావా?”

“నువ్వేసిన రంగు చూసి కళ్ళు తిరిగాయి బావా. అందుకే ఆగాను.”

“కళ్ళు తిరిగాయా? నీ మొగుడు కుట్టిన చొక్కా వేసుకుంటే నాకు మెడే తిరగట్లేదు.”

ఇలా మొదలైతే టీ వచ్చేదాకా సాగేది. ఈ మధ్య అతని కళ్ళు మసకబారాయి. రంగు ఒకచోట రెండుసార్లు పడుతోంది, ఇంకోచోట అసలు పడట్లేదు.

దూదక్క పని మొదలెట్టింది. సుత్తి దెబ్బకి ఉలి పట్టుకున్న వేళ్ళలో పుట్టే అదురుని బట్టి అంచనా వేసుకుంది. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు ఊరికే పోదు. పదిలో తొమ్మిది చోట్ల సరిగ్గా ఆగేది. ఆ పదోదే భయం. దెబ్బ ఎక్కువైతే పలక పోతుందని ఒక్కోసారి ముందే చెయ్యి ఆపేసేది.

రెండో రోజు పొద్దున వచ్చేసరికి, ముందు రోజు దట్టించిన సందు పక్కన చిన్న సుద్ద గీత కనపడింది. కొంచెం అవతల ఇంకోటి.

“నా పడవ మీద ఈ గీతలేంటి బావా?”

“నీ పడవేంటి, టీచరమ్మ పడవ. రంగు ఎక్కడ మొదలెట్టాలో గుర్తు పెట్టుకున్నా. నీకేం అడ్డం?”

“రంగుకి ఇంకా నెల రోజులుంది!”

“నాకు కళ్ళు కనపడవు కదే, ఒక నెల ముందు నుంచీ చూసుకోవాలి.”

ఆమె తిట్టుకుంటూ తడిగుడ్డతో గీత తుడిచింది. తుడుస్తుంటే బొటనవేలికి దూది మెత్తగా తగిలింది. అబ్బా అనుకుని సుత్తి తీసి ఇంకో నాలుగు దెబ్బలు వేసింది. రెండో గీత దగ్గర కూడా అంతే. ఆ వారంలో ఐదారుసార్లు ఇలాగే జరిగింది. చెవులు పోయినా దేవుడు బొటనవేలు మిగిల్చాడని దణ్ణం పెట్టుకుంది. ఆ దణ్ణం వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేదని అప్పటికి ఆమెకి తెలీదు.

పొద్దున్నే అందరికంటే గంట ముందు బావ షెడ్డుకి వస్తున్నాడని వాచ్‌మన్ ఒకసారి అన్నాడు. ముసలాళ్ళకి నిద్ర పట్టదులే అంది దూదక్క.

నాలుగు వారాల్లో కుడి పక్కంతా అయింది. ఎడమ పక్క కూడా చివరికొచ్చింది. వెనక భాగంలో, అడుగు దూలానికి పైన మూడో సందు ఒక్కటి సగం మిగిలింది. సరిగ్గా అప్పుడే బావ కంటి ఆపరేషనుకి ఆసుపత్రివాళ్ళు రమ్మన్న రోజొచ్చింది. వెళ్ళనని మొండికేశాడు.

“పడవ నీళ్ళలోకి దిగాక వెళ్తా. అంత తొందరేముంది?”

“పోయి చూపించుకో బావా. నిన్న నా చీర కొంగుకి రంగేశావు.”

“మూడు రోజులు రావద్దంటున్నారే.”

“రాకు! మూడు రోజులు నువ్వు లేకపోతే పడవేం మునిగిపోదులే.”

అతను ఆ మిగిలిన సందు వైపు ఒకసారి చూశాడు. ఆమె దాదాపు గెంటేసినంత పని చేసింది.

ఆ మూడు రోజుల్లో ఆ సందు పూర్తి చేసింది. ఐదు గజాల మేర. పొద్దున వచ్చి చూస్తే గీతల్లేవు. హమ్మయ్య, పీడా వదిలిందనుకుంది. యజమాని తొందరపెడుతున్నాడని లప్పం కూడా తనే పెట్టేసింది. నాలుగో రోజు బావ నల్లద్దాలు పెట్టుకుని సినిమా విలన్‌లా వచ్చాడు. పడవ వెనక్కి వెళ్ళి, లప్పం మీద వేలితో రాసి, కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆమె అది చూసింది గానీ పట్టించుకోలేదు. తర్వాత రంగు పడింది. పైన తెలుపు, నీళ్ళలో మునిగే భాగానికి ఎరుపు, పక్క దూలాలకి ఏడు పూతల వార్నిష్. టైలరు గుడ్డ పైకప్పు కుట్టి తెచ్చి, తనే కట్టాడు. ఈసారి వేళ్ళు చితక్కుండా.

పడవ దించిన రోజు టీచరమ్మ తండ్రి ఫొటో పట్టుకుని వచ్చింది. ఎక్కి ఒక చుట్టు తిరిగొద్దామని ఆశ. ట్రాలీ పట్టాల మీద మెల్లగా దిగింది. నీళ్ళు ఎర్రరంగు దాటి తెల్లరంగు అంచు తాకాయి. రెండు నిమిషాలకి పడవలో నేల పలకల కింద గలగలమని చప్పుడు. పది నిమిషాలకి నేల పలకలు తేలాయి.

టీచరమ్మ ముఖం పాలిపోయింది. “మునిగిపోతోందా?”

“లేదమ్మా, తాగుతోంది” అంది దూదక్క. “ఏడేళ్ళ దాహం. ఎండిన పలక నీళ్ళు తాగి ఉబ్బాలి, ఉబ్బి సందులు మూసుకోవాలి. అప్పటిదాకా అన్ని వైపులా కారుతుంది. కింద ట్రాలీ ఉంది, మునగదు. మూడు రోజులు ఓపిక పట్టండి.”

“మీకు నమ్మకమేనా?”

“మా మామగారి కాలం నుంచీ చూస్తున్నానమ్మా.”

నమ్మకంగానే చెప్పింది. లోపల మాత్రం ఒకటే ప్రశ్న. తాగడం వల్ల కారుతోందా, తన చెవుల వల్ల కారుతోందా? మూడు రోజులాగితే గానీ తెలీదు. యజమాని రెండు పంపులు పెట్టించాడు. మొదటి రోజు రెండూ ఆగకుండా తిరిగాయి. రెండో రోజు సాయంత్రానికి ఒకటి ఆపేశారు. మూడో రోజు పొద్దున రెండోది కూడా గంటకోసారి వేస్తే సరిపోతోంది.

ఆ పొద్దున దూదక్క పొడిగుడ్డ తీసుకుని పడవలోకి దిగింది. ముందు నుంచి మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్కో సందు తుడుస్తూ, అరచెయ్యి పెట్టి చూస్తూ వెనక్కి వచ్చింది. కుడి పక్క పొడి. ఎడమ పక్క పొడి. ఎంత చక్కగా మూసుకుందంటే కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంజను పెట్టె దాటి వెనక్కి వచ్చింది. మూడో సందు. పలక మీద పెద్ద కణుపు దాకా పొడి. కణుపు దగ్గర్నుంచి చివరిదాకా, ఐదు గజాల మేర, సన్నగా, ఆగకుండా నీళ్ళు ఊరి కారుతున్నాయి.

అరచెయ్యి తియ్యలేదు.

ఆ కణుపు ఆమెకి గుర్తుంది. దాని దగ్గరే బావని ఆసుపత్రికి తరిమింది. అంతవరకు సుద్ద గీతలు పడ్డాయి. ఆ తర్వాత పడలేదు. గీతలు పడిన చోటల్లా తన బొటనవేలికి మెత్తదనం తగిలింది. గీతలు లేని చోట బొటనవేలు ఏమీ చెప్పలేదు. అసలు చెప్పింది బొటనవేలు కాదు, గీతలే.

మామగారి దగ్గర పదేళ్ళు పనిచేసినవాడు. ఖణ్ మనడం అంటే ఏంటో తెలిసినవాడు. రోజూ గంట ముందు వచ్చి, తను ముందు రోజు దట్టించిన సందంతా వంగి, కూర్చుని, పడుకుని, తట్టి తట్టి విని, మోగని చోట గీత పెట్టి వెళ్ళేవాడు. అరవై దాటిన నడుముతో. నాలుగు వారాలు. ఒక్క మాట అనకుండా. పైగా తను తిట్టిన తిట్లన్నీ తింటూ.

పైనుంచి యజమాని తల వంచి చూశాడు. వెనక టీచరమ్మ, ఆమె పక్కన నల్లద్దాల బావ.

“ఏంటక్కా, అక్కడొక్కటే ఆగట్లేదా? దానికేం, గమ్ము ట్యూబు ఉంది. దూరిస్తే పది నిమిషాల్లో కట్టేస్తుంది.”

“వద్దు బాబూ. గమ్ము రాయిలా గట్టిపడుతుంది. పలకకి కదిలే చోటుండదు. ఏడాదిలో మేకులు తెగుతాయి.”

“మరి అన్నీ ఆగాయి కదా. ఇదెందుకు ఆగలేదు?”

ఆమె నోరు తెరిచేలోపే బావ ముందుకొచ్చాడు. “నా తప్పే బాబూ. కళ్ళు కనపడక అక్కడ రంగు సరిగ్గా పట్టించలేదు. సందులోకి నీళ్ళు అలా దూరాయి.”

అతని పెదాలు కదలడం ఆమె సూటిగా చూస్తూనే ఉంది. ఒక్క మాటా పోలేదు. రంగు వల్ల పడవ కారదని అక్కడున్న గూటానికి కూడా తెలుసు. ఈ వయసులో, కొత్త కంటితో, తన కోసం అంత తెలివితక్కువ అబద్ధం చెప్తున్నాడు.

“కాదు బాబూ” అంది. మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే. “దూది దిగలేదు. దట్టించింది నేను. నాకు వినపడదు. రెండేళ్ళయింది. మిగతా పడవంతా నేను కొట్టాను, బావ విన్నాడు. అతను లేని మూడు రోజులూ వినేవాడు లేక, ఇది ఇలా అయింది.”



యజమాని మెట్టు మీద చతికిలబడ్డాడు. ఆమెకి ఎదురుగా, నోరు కనపడేలా కూర్చోవాలని అతనికి అప్పటికప్పుడే తోచినట్టుంది. “మొన్న ఇంజను దగ్గర నీ వెనక నిలబడి నాలుగుసార్లు పిలిచాను. తిరగలేదు. పొగరెక్కిందనుకున్నా.”

“పొగరు కూడా ఉంది బాబూ” అన్నాడు బావ.

టీచరమ్మ ఫక్కున నవ్వేసింది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది. “ఆ ఐదు గజాలూ సరిచేస్తే నా పడవ నిలబడుతుందా అక్కా?”

“నిలబడుతుందమ్మా.”

“అయితే నేనింకో మూడు రోజులు ఆగుతాను. ఏడేళ్ళు ఆగినదాన్ని.”

యజమాని లేచి ప్యాంటు దులుపుకున్నాడు. “ట్రాలీ కదిలేటప్పుడు పట్టాల దగ్గర నువ్వు నాకు కనపడకూడదు అక్కా. కనపడితే ఆ రోజే ఇంటికి. ఇక దూది పని అంటావా, ఇకమీదట ఇద్దరూ కలిసి చెయ్యండి. చాటుగా కాదు, పట్టపగలు.”

పడవని పైకి లాగారు. దూదక్క కొక్కెంతో పాత దూదంతా పీకేసింది. సందు ఆరబెట్టి, కొత్త దూది పేని, ఉలి ఆనించింది. బావ నల్లద్దాలు పైకి తోసుకుని, ఆమె పక్కన నేల మీద గోనెపట్టా వేసుకుని కూర్చుని, ఎడం చెయ్యి ఆమె భుజం మీద పెట్టాడు.

ఆమె కొట్టింది. చెయ్యి కదల్లేదు. ఇంకోటి. కదల్లేదు. ఇంకోటి. భుజం మీద వేలు టక్కున తట్టింది. ఆపింది. జరిగింది. మళ్ళీ మొదలు. మధ్యాహ్నానికి ఐదు గజాల్లో రెండు అయ్యాయి. ఖణ్ మనడం ఆమెకి మళ్ళీ తెలుస్తోంది, చెవిలో కాదు, భుజం మీద. క్యారియరు పట్టుకుని నిలబడిన పంతొమ్మిదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. ఆ రోజు మామగారు తిట్టి పంపేస్తే ఏమయ్యేది? ఈ సంబంధం ఈ మనిషి తేకపోతే ఏమయ్యేది? ఎంతమంది ఎక్కడెక్కడ తనకోసం చెయ్యి అడ్డం పెట్టారో లెక్క తెలీకుండానే ఇన్నేళ్ళు గడిచిపోయాయి.

అది చెప్పాలనుకుంది. తీరా నోట్లోంచి వచ్చింది వేరు.

“అయినా ఆ మూడు రోజులూ ఎందుకు వెళ్ళావు బావా?”

బావ నోరు వెళ్ళబెట్టాడు. “నువ్వే కదే పొమ్మన్నావు!”

“పొమ్మంటే పోతావా? నీ వల్లే కారింది.”

“నా వల్లా!”

“కాక? ఇన్నేళ్ళుగా పొమ్మంటున్నాను, ఎప్పుడైనా పోయావా?”

అతను ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. ఆపరేషనైన కన్ను కదా, అతనికి అన్నీ స్పష్టంగానే కనపడ్డాయి. “సరేలే, ఇంక పోను. కొట్టు” అని మళ్ళీ భుజం మీద చెయ్యి వేశాడు.

నాలుగో రోజుకి మళ్ళీ లప్పం, మళ్ళీ రంగు. పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఒక్క పూట తాగింది. మర్నాడు పంపు అక్కర్లేకపోయింది. టీచరమ్మ తండ్రి ఫొటోని ఇంజను పెట్టె మీద అద్దానికి ఆనించి, స్టీరింగు తనే పట్టుకుంది. యజమాని, టైలరు, బావ బల్లల మీద కూర్చున్నారు. దూదక్క మాత్రం వెనక నేల పలక ఒకటి లేపి, ఆ మూడో సందు మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. ఇంజను మొదలైంది. చెవికి మొద్దుగానే అందింది గానీ పలకల్లోంచి అరచేతిలోకి, మోచేతి దాకా సన్నటి వణుకు పాకింది. పడవ ముక్కు ఎత్తి సరస్సు మధ్యకి పరిగెత్తింది. మూడు మైళ్ళు వెళ్ళి వెనక్కి వచ్చాక చెయ్యి తీసి చూసుకుంది. పొడిగా ఉంది. తీసుకెళ్ళి బావ ముఖానికి రాసింది.

“చూడు, తడుందేమో.”

“చెమట కంపు తప్ప ఏమీ లేదు” అన్నాడు బావ.

దిగేటప్పుడు టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమెకి ఎదురుగా తిరిగి, మెల్లగా, “ఏటా తీసుకొస్తాను అక్కా. ఎండనివ్వను” అంది. పాకలో పెట్టొద్దని, నీళ్ళలోనే ఉంచమని, ఏడాదికి ఒక్క నెల మాత్రం పైకి లాగి రంగూ వార్నిష్ చూసుకోవాలని దూదక్క చెప్పింది. ఆ ఒక్క నెల ప్రతి ఏడాదీ తనదేనని ఆమెకి అప్పుడు తట్టింది.

మర్నాడు యజమాని పిలిచాడు. ఎదురుగా నిలబడి, “వెళ్ళి చెవులు చూపించుకురా అక్కా. డాక్టరు ఏం రాసినా ఆ కాగితం నాకు చూపించక్కర్లేదు. మిషను పెట్టుకోమంటే పెట్టుకో, అంతే” అన్నాడు. ఆమె దణ్ణం పెట్టబోతే, అతను సిగ్గుపడి ఫోనెత్తుకున్నాడు.

షెడ్డులో ఇంకో పడవ ఎక్కి ఉంది. చిన్నదే, చేపలవాళ్ళది. సందులు సగం అయ్యాయి. దూదక్క దాని ముందు నిలబడి ఇటూ అటూ కదులుతోంది.

“ఇది అయ్యాక వెళ్తా బావా. అంత తొందరేముంది?”

“పోవే” అన్నాడు బావ, ఆమె ముఖానికి ముఖం పెట్టి, ఒక్కో మాటా నమిలి చెప్తూ. “మూడు రోజులు నువ్వు లేకపోతే పడవేం మునిగిపోదులే.”

తిట్టడానికి నోరు తెరిచింది. మూసుకుంది. నడుముకి దోపుకున్న మామగారి సుత్తి తీసి, కొంగుతో ఒకసారి తుడిచి, అతని చేతిలో పెట్టింది.

“తడవనివ్వకు” అని చెప్పి గేటు వైపు నడిచింది.